ఆకాశరామన్న ఉత్తరము – అజ్ఞాత రచయిత హక్కు

తెలుగుదేశమున సంతకము లేని ఉత్తరానికి ఒక పేరున్నది. దానిని మనము ఆకాశరామన్న ఉత్తరము అంటాము. ఏలూరు కచేరీలు మొదలు కొల్లేటి లంకలలోని పంచాయితీ గదుల వరకు ఈ రామన్నను ఎరుగని చోటు లేదు. ఆయనకు ఊరు లేదు, ఇంటి పేరు లేదు. ఉత్తరము మాత్రము వేళకు చేరుతుంది. ఒకనాడు ఆయన ఒక ఉద్యోగి లంచగొండితనమును బయటపెడతాడు. మరొకనాడు కుదిరిన పెండ్లి సంబంధమును చెడగొడతాడు. మొదటి పనికి లోకము మెచ్చుకొంటుంది. రెండవ పనికి శపిస్తుంది. రెండింటికీ వేసుకొన్న ముసుగు ఒక్కటే. ఈ కాలమున ఆ రామన్న కాగితమును, తపాలా పెట్టెను విడిచి అంతర్జాలమున వ్రాస్తున్నాడు. పేరు దాచుకొని వ్రాసే హక్కు మనిషికి ఉన్నదా, ఉన్నచో దాని ఎల్లలు ఏవి అన్న ప్రశ్న నేడు న్యాయస్థానముల ముందు నిలిచినది. ఈ ప్రశ్న కొత్తది కాదు. దాని చరిత్రలో మన గోదావరి, కృష్ణా మండలములకు కూడ చోటున్నది. ఆ చరిత్రను కొంత పరిశీలింతము.

అచ్చు యంత్రము మన దేశమున నిలదొక్కుకొన్న తొలినాళ్లలోనే ప్రభుత్వమునకు రచయితల పేర్లతో పని పడినది. 1780లో కలకత్తాలో హిక్కీ అనే ఐర్లండు దేశస్థుడు ఆరంభించిన పత్రికలో మారుపేర్లతో జాబులు ప్రకటితమయ్యేవి. గవర్నరు జనరలు వారన్ హేస్టింగ్సును సైతము అది విడిచిపెట్టలేదు. ఫలితముగా హిక్కీ చెరసాల చేరినాడు. 1782లో పత్రిక ఆగిపోయినది. 1799లో వెల్లస్లీ ప్రభువు చేసిన నిబంధనలు ప్రతి పత్రిక మీద ముద్రాపకుని పేరు ఉండి తీరవలెనని శాసించినవి. సంపాదకుడు, యజమాని తమ పేర్లను, నివాసములను ప్రభుత్వమునకు తెలుపవలసివచ్చినది. 1823 నాటి లైసెన్సు పద్ధతిని 1835లో మెట్‌కాఫ్ తొలగించి పత్రికలకు స్వేచ్ఛ ఇచ్చినాడని మనము చదువుకొన్నాము. కాని ఆయన కూడ ముద్రాపకుడు, ప్రకాశకుడు తమ పేర్లను వ్రాసి ఇవ్వవలెనన్న నియమమును ఉంచినాడు. 1867 నాటి ముద్రణాలయముల, గ్రంథముల రిజిస్ట్రేషను చట్టము ఈ పద్ధతినే దేశమంతటా స్థిరపరచినది. పాత తెలుగు పుస్తకమును తెరిస్తే ఏ ఊరిలో, ఏ ముద్రాక్షరశాలలో అచ్చయినదో ఆ పంక్తి తప్పక కనిపిస్తుంది. అది ఈ చట్టము వ్రాయించిన పంక్తి. ఆ చట్టము స్థానమున పత్రికల కొరకు 2023లో చేసిన కొత్త చట్టము 2024 మార్చి 1 నుండి అమలులోనికి వచ్చినది.

ఈ ఏర్పాటులోని మర్మమును గమనింపవలెను. వ్యాసము వ్రాసినవాడు ఎవరో చట్టము అడుగలేదు. వాడు మారుపేరు పెట్టుకొనవచ్చును. అసలు పేరే లేకుండ వ్రాయవచ్చును. కాని ఆ వ్రాతకు పూచీపడే మనిషి ఒకడు వెలుగులో నిలబడవలెను. అనగా, వ్రాసిన చేయి దాగవచ్చును గాని అచ్చువేసిన చేయి దాగరాదు. రచయితకును ప్రభుత్వమునకును మధ్య సంపాదకుడు ఒక గోడవలె నిలిచినాడు. దెబ్బ తగిలితే ముందు గోడకే తగిలేది. 1908లో బెజవాడ నుండి వెలువడిన స్వరాజ్య వారపత్రిక చరిత్ర ఇందుకు తార్కాణము. తిరునల్వేలి కాల్పులను గురించిన వ్యాసమునకు గాను ఆ పత్రిక సంపాదకులు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిపైన, బోడి నారాయణరావుగారిపైన రాజద్రోహ నేరము మోపబడినది. హరిసర్వోత్తమరావుగారు ఆంధ్రదేశమున తొలి రాజకీయ ఖైదీగా ప్రసిద్ధి పొందినారు. ఆనాటి సంపాదకుని బల్ల మీద పేరు ఉండుట గౌరవము మాత్రమే కాదు. అది జైలుకు పోవుటకు సిద్ధపడిన సంతకము కూడ.

ఆ పాత నియమము నేటికీ మన వీథులలో సజీవముగా ఉన్నది. తాడేపల్లిగూడెములో గాని, ఏలూరులో గాని ఎన్నికల వేళ గోడలకెక్కిన కాగితమును, చేతికిచ్చిన కరపత్రమును చూస్తే అడుగున ముద్రాపకుని పేరు, ప్రకాశకుని పేరు ఉండవలెను. ప్రజాప్రాతినిధ్య చట్టములోని 127ఏ విభాగము ఇట్లు కోరుతున్నది. మీరితే ఆరు నెలల వరకు ఖైదు గాని, రెండు వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఓటరు చెవిలో చెప్పే మాటకు చెప్పినవాడు ఎవరో తెలియవలెనన్నది ఇందలి న్యాయము. ఈ న్యాయము సబబైనదే. అయితే ఇదే న్యాయమును అన్ని వ్రాతలకు, అందరు మనుషులకు అన్వయించవచ్చునా అన్నది ఆలోచింపదగిన విషయము.

ఏలూరు చరిత్రలోనే ఇందుకొక సమాధానము దొరుకుతుంది. 1902లో, అనగా ఏలూరు ఇంకను గోదావరి జిల్లాలో ఉన్న కాలమున, సత్తిరాజు సీతారామయ్యగారు అక్కడ హిందూసుందరి అనే స్త్రీల మాసపత్రికను ఆరంభించినారు. తరువాత అది కాకినాడకు తరలినది. స్త్రీ చదువుకొనుటయే వింతగా చూడబడిన ఆ రోజులలో, స్త్రీలే వ్రాసి స్త్రీలే చదువుకొనే ఒక పత్రిక మన జిల్లా నుండి వెలువడుట సామాన్యము కాదు. ఆ సంవత్సరము నవంబరులో భండారు అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’ కథ అందులోనే ప్రకటితమైనది. గురజాడవారి ‘దిద్దుబాటు’ రావలెనంటే ఇంకను ఎనిమిదేండ్లు గడువవలెను. అచ్చమాంబగారు తమ పేరుతోనే వ్రాసినారు. ఆ ధైర్యము ఎంత విలువైనదో తెలియవలెనంటే ఆ కాలమున ఇతర ప్రాంతముల స్త్రీలు ఏమి చేయవలసివచ్చినదో చూడవలెను.

1882లో ఉత్తరదేశమున ‘సీమంతనీ ఉపదేశ్’ అనే గ్రంథము హిందీలో వచ్చినది. స్త్రీల దుఃస్థితిని నిష్ఠురముగా చెప్పిన ఆ పుస్తకముపై రచయిత్రి పేరు లేదు. ‘ఒక అజ్ఞాత హిందూ స్త్రీ’ అని మాత్రమే ఉన్నది. ఆమె ఎవరో నేటి వరకు తేలలేదు. 1885లో బొంబాయి టైమ్స్ ఆఫ్ ఇండియాలో బాల్యవివాహములను, స్త్రీల చదువును గురించి ‘ఒక హిందూ స్త్రీ’ పేరిట లేఖలు వచ్చినవి. వాటిని వ్రాసినది రఖ్మాబాయి. చిన్ననాట జరిగిన వివాహము పేరు చెప్పి భర్త తనను కాపురమునకు రమ్మని కోర్టుకెక్కిన రోజులవి. ఆమె తరువాత వైద్యవిద్య నభ్యసించి సూరతులో, రాజకోటలో ఎంతోకాలము వైద్యురాలిగా పనిచేసినారు. ఆనాడు ఆమె సొంత పేరుతో ఆ లేఖలు వ్రాసి ఉంటే పాఠకులు లేఖలోని వాదమును చూచేవారా, వ్రాసిన ఆడుదాని బ్రదుకును తవ్వేవారా? పేరు దాచుట వలన ఆమె మాట ముందుకు వచ్చినది. బలహీనుని చేతిలో ముసుగు మోసము కాదు. అది మాట వినిపించుకొనుటకు ఒక ఉపాయము.

ఇక్కడ కలము పేరునకు, దాచిన పేరునకు గల భేదమును కూడ గుర్తింపవలెను. ఏలూరులో 1916లో జన్మించిన శివరాజు వెంకట సుబ్బారావుగారు ‘బుచ్చిబాబు’ అనే పేరుతో సుప్రసిద్ధులు. వారు మా ఆకాశవాణిలో పనిచేసినవారే. ఆ పేరు వారిని దాచలేదు. పైపెచ్చు అసలు పేరునే మరిపించినది. ‘బీనాదేవి’ సంగతి వేరు. న్యాయశాఖలో పనిచేసిన భాగవతుల నరసింగరావుగారును, వారి భార్య త్రిపురసుందరిగారును ఆ ఒక్క పేరుతో కథలు, నవలలు వ్రాసినారు. చాలాకాలము పాఠకులకు ఆ పేరు వెనుక ఇద్దరున్నారని తెలియదు. ఉద్యోగములో ఉన్నవారి కలమునకు నియమములు ఎప్పుడును ఉన్నవి. 1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల నడవడి నిబంధనలు సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన రచనలను అనుమతి లేకయే చేయనిస్తవి. కాని ప్రభుత్వ విధానమును ప్రతికూలముగా విమర్శించుటను మాత్రము, సొంత పేరుతో గాని, మారుపేరుతో గాని, పేరు లేకుండ గాని చేయరాదని చెప్పినవి. మారుపేరును నిబంధనలోనే పేర్కొన్నారంటే ఆ అలవాటు ఎంత పాతదో ఊహింపవచ్చును.

ఇంతవరకు ముసుగు యొక్క వెలుగు వైపు చూచినాము. చీకటి వైపు కూడ చూడక తప్పదు. పేరు దాచి బెదిరించుట మామూలు బెదిరింపు కంటె హీనమని 1860 నాటి శిక్షాస్మృతి తలచినది. దాని 507వ సెక్షను అట్టివానికి అదనముగా రెండేండ్ల వరకు ఖైదు విధించినది. 2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడ ఆ నేరమును నిలిపి ఉంచినది. ఆకాశరామన్న అర్జీల వలన నిజాయితీపరులైన ఉద్యోగులు సైతము విచారణల పాలగుచున్నారని, అట్టి అర్జీలపై చర్య తీసుకొనవద్దని 1999 జూన్‌లో కేంద్ర విజిలెన్సు కమిషను ఉత్తరువు చేసినది. నేడు అంతర్జాలమున ఒక ఆడపిల్ల ఫొటోను మార్చి ప్రకటించినవాడును, ఒక కులమును తిట్టి నిప్పు రాజేసినవాడును దాగినది ఆ ముసుగు వెనుకనే. వారి బారిన పడినవారి దుఃఖమును తక్కువ చేసి మాట్లాడుట తగదు.

కాని పేరు బయటపడుట వలన ఏమి జరుగగలదో కూడ మన దేశము చూచినది. జాతీయ రహదారుల పనిలో ఉన్న సత్యేంద్ర దూబే అనే యువ ఇంజనీరు అక్కడి అక్రమములను వివరించుచు ప్రధానమంత్రి కార్యాలయమునకు లేఖ వ్రాసినాడు. తన పేరు రహస్యముగా ఉంచవలెనని అందులోనే వేడుకొన్నాడు. లేఖ పేరుతో సహా కార్యాలయముల మధ్య తిరిగినది. 2003 నవంబరు 27న గయలో అతడు కాల్చి చంపబడినాడు. దేశమంతటా అలజడి చెలరేగిన మీదట 2004 ఏప్రిల్‌లో కేంద్రము ఒక తీర్మానము చేసినది. దాని ప్రకారము ఫిర్యాదుదారు తన పేరును విజిలెన్సు కమిషనుకు మాత్రము తెలుపును. కమిషను ఆ పేరును రహస్యముగా ఉంచవలెను. పేరు లేని అర్జీని తీసుకొనరు, పేరును బయటికి పొక్కనీయరు. ఆకాశరామన్నకును నిలువుటద్దమునకును నడుమ దొరికిన మధ్యమార్గమిది. ఇదే ఆశయముతో 2014లో పార్లమెంటు చట్టము చేసినది గాని, దానిని అమలులోనికి తెచ్చే ప్రకటన వెలువడలేదు.

మా కేంద్రమునకు వచ్చే శ్రోతల ఉత్తరములలో కొన్నింటి అడుగున ‘పేరు, ఊరు చదువవద్దు’ అని ఉంటుంది. ఆరోగ్యమును గురించి గాని, కుటుంబ కలహమును గురించి గాని అడిగినవారు అట్లు వ్రాస్తారు. ఊరు పేరు చెప్పినంత మాత్రమున మనిషిని పోల్చుకొనే చిన్న పల్లెలు మనవి. ఆ పంక్తిని మేము ఎన్నడును తేలికగా చూడలేదు. ప్రశ్న అందరిదీ, బాధ ఒక్కరిది. ప్రశ్నను వినిపించి బాధను కాపాడుట మా ధర్మము.

ఉత్తరమనగానే తపాలా జ్ఞాపకమునకు వస్తుంది. 1879లో మన దేశమున కార్డు వచ్చినది. కార్డు మీది క్షేమసమాచారమును దారిలో ఎవరైనను చదువవచ్చును. కవరు అంటించితే చదువరు. అయినను కవరు చీటీ కూడ సంపూర్ణమైన రక్ష కాదు. తాడేపల్లిగూడెములో విమానములు దిగే బాట వేసిన రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఉత్తరములను విప్పి పరిశీలించుట సర్వసామాన్యము. యుద్ధము లేని కాలమున సైతము 1898 నాటి తపాలా చట్టము అత్యవసర పరిస్థితులలో ఉత్తరములను ఆపుటకు ప్రభుత్వమునకు అధికారమిచ్చినది. దాని స్థానమున వచ్చిన 2023 నాటి చట్టములో కూడ అట్టి అధికారమున్నది. కనుక ప్రశ్న అధికారము ఉన్నదా లేదా అని కాదు. దానికి కళ్లెము ఎవరి చేతిలో ఉన్నదని.

ఆ కళ్లెమును గూర్చి స్పష్టముగా పలికిన తొలి న్యాయమూర్తులలో ఒకరు గోదావరి గట్టువారే. రాజమహేంద్రవరమున 1902లో జన్మించిన కోకా సుబ్బారావుగారు 1962 డిసెంబరులో ఖరక్ సింగ్ వ్యాజ్యమున భిన్నతీర్పు వ్రాసినారు. ఉత్తరప్రదేశ్‌లో ఒక దోపిడి కేసులో సాక్ష్యము లేక విడుదలైన మనిషిపై పోలీసులు నిఘా పెట్టి, అర్ధరాత్రి వేళ తలుపు తట్టేవారు. రాత్రి తలుపు తట్టుట చెల్లదని అందరు న్యాయమూర్తులును అంగీకరించినారు. కాని ఏకాంతతకు రాజ్యాంగమున హక్కు లేదని, మిగిలిన నిఘా సాగవచ్చునని అధికసంఖ్యాకులు అన్నారు. సుబ్బారావుగారు ఒప్పుకొనలేదు. గోప్యత స్వేచ్ఛలో అంతర్భాగమేనని, నీడవలె వెంబడించే కన్ను ఉండగా మనిషి నడిచిన నడక స్వేచ్ఛ కాదని వారి వాదము. ఆ తీర్పున న్యాయమూర్తి షా వారితో ఏకీభవించినారు.

భిన్నతీర్పు ఆనాటికి ఓడిపోయిన మాట. కాని అది విత్తనమై నిలిచినది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము పుట్టస్వామి వ్యాజ్యమున గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవముగా నిర్ణయించినది. సుబ్బారావుగారి మాటయే సరియైనదని యాబదిఐదు ఏండ్ల తరువాత తేల్చినది. ఆ ధర్మాసనమున కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్‌గారు కూడ ఉన్నారు. అంతకు రెండేండ్ల ముందు, 2015 మార్చిలో, ఆయనయు న్యాయమూర్తి నారిమన్‌గారును కూర్చున్న ధర్మాసనమే సమాచార సాంకేతిక చట్టములోని 66ఏ విభాగమును కొట్టివేసినది. చిరాకు కలిగించే సందేశమును సైతము నేరము చేసిన ఆ విభాగము, సందేశము ఎక్కడ నుండి వచ్చినదో తెలియకుండ మరుగుపరచుటను కూడ నేరముగా చెప్పినది.

పుట్టస్వామి తీర్పు మరొక సూక్ష్మమును తేటపరచినది. గోప్యత వేరు, అజ్ఞాతత్వము వేరు. గోప్యతలో విషయము దాగి ఉండును. అజ్ఞాతత్వములో విషయము బయట ఉండును, అది ఎవరిదో దాగి ఉండును. రోగి వివరములు గుర్తు లేకుండ వైద్యశాస్త్రమునకు ఉపకరించవచ్చును. పేరుతో బయటపడితే అతని బ్రదుకు చెడును. హక్కునకు ఎల్లలు కూడ ఆ తీర్పే గీసినది: చట్టము ఉండవలెను, న్యాయమైన ప్రయోజనము ఉండవలెను, ఆ ప్రయోజనమునకు మించని చర్య కావలెను.

ఇక నేటి స్థితి. కొల్లేటిని చూచినవారికి ఇది సులభముగా బోధపడును. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకను ఎన్నో కాలువలు ఆ సరస్సులో కలుస్తవి. సముద్రమునకు పోవుటకు దారి మాత్రము ఉప్పుటేరు. ఉప్పుటేటి గట్టున కూర్చున్నవానికి నీరంతయు కనబడును. అట్లే అంతర్జాలమున కోట్లమంది వ్రాతలు కొద్ది సంస్థల ద్వారముల గుండా పోవుచున్నవి. ఎవరు, ఏ సంఖ్య గల యంత్రము నుండి, ఏ గడియలో వ్రాసినారో ఆ ద్వారమున నమోదగును. ఉత్తరమును విప్పకపోయినను కవరు మీది ముద్ర చాలా చెప్పును కదా! ఒకనాటి సంపాదకుడు రచయిత కొరకు జైలుకు పోయినాడు. నేటి ద్వారపాలకునకు రచయిత ముఖము తెలియదు, వాని కొరకు నిలువవలెనన్న బంధము లేదు. 2021 ఫిబ్రవరి నాటి నిబంధనలు, యాబది లక్షలకు మించిన వాడుకదారులు గల సందేశ సంస్థలు కోర్టు ఉత్తరువుపై గాని, అధికారము గల అధికారి ఉత్తరువుపై గాని, కొన్ని తీవ్రమైన నేరముల విషయమున సందేశమును తొలుత పంపినవాడెవడో చెప్పగలిగి ఉండవలెనన్నవి. అట్లు చెప్పవలెనంటే అందరి కవర్లకును గుర్తు వేయక తప్పదని వాట్సాప్ సంస్థ ఢిల్లీ హైకోర్టుకెక్కినది.

యంత్రము చెప్పకపోయినను భాషయే పట్టి ఇచ్చును. అమెరికా రాజ్యాంగమును సమర్థించుచు 1787–88లో ‘పబ్లియస్’ అనే ఒకే మారుపేరుతో ముగ్గురు పెద్దలు 85 వ్యాసములు వ్రాసినారు. వాటిలో పన్నెండు ఎవరివో చాలాకాలము వివాదముండినది. 1964లో మోస్టెలర్, వాలెస్ అనే గణకులు చిన్న చిన్న పదముల వాడుకను లెక్కించి అవి మాడిసన్‌వని నిరూపించినారు. కిక్కిస, మావు, దోనె వంటి మాటలు అలవోకగా పడిన వ్యాసమును చూస్తే అది కొల్లేటి గట్టువాని కలమని మనమైనను పోల్చగలము. పేరు దాచగలము గాని పుట్టిన ఊరి పలుకును దాచలేము.

ఇది పండితుల చర్చ మాత్రము కాదు. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్సార్ జాబితాకెక్కిన కొల్లేటిలో చేపల చెరువుల గట్లను తొలగించే పని 2006లో పెద్దయెత్తున జరిగినది. ఆ చెరువుల మీద బ్రతికే కుటుంబములున్నవి. సరస్సు పూడిపోవుచున్నదని ఆవేదన చెందేవారును ఉన్నారు. ఏ పక్షమున మాట్లాడినను, మాట్లాడినవాడు మరునాడు అదే గట్టు మీద నడువవలెను. 2005 నాటి సమాచార హక్కు చట్టము అర్జీదారుని కారణము అడుగరాదని, సంప్రదించుటకు వలసిన వివరములకు మించి సొంత వివరములు కోరరాదని చెప్పినది. 2013లో కలకత్తా హైకోర్టు తపాలా పెట్టె సంఖ్య ఇచ్చినను చాలునన్నది. ప్రశ్నించినవాని ఇంటి తలుపు ఎవరికిని తెలియనక్కరలేదన్న వివేకము ఇందున్నది.

ఇంతటి చరిత్రను తరచి చూస్తే మాకు తోచినదిది. పేరు దాచుట పుణ్యమూ కాదు, పాపమూ కాదు. ఎవరి నుండి దాచుచున్నాడు, ఎవరి మీద వ్రాయుచున్నాడు అన్నవే తూనికరాళ్లు. బలవంతుని అన్యాయమును చెప్పుటకు బలహీనుడు వేసుకొన్న ముసుగును సంఘము కాపాడవలెను. బలహీనుని హింసించుటకు వేసుకొన్న ముసుగును తొలగింపవలెను. అయితే ఆ తొలగించే చేయి కోపముతో ఉన్న అధికారిది గాక, ఉభయుల మాటలను వినిన న్యాయస్థానముది కావలెను. చదువరి చేయదగిన పని కూడ ఒకటున్నది. సంతకము లేని మాట చేతికి వచ్చినప్పుడు ‘ఎవరు వ్రాసినారు’ అని అడుగుటకు ముందు ‘ఇది నిజమా’ అని అడుగవలెను. నిజమైనచో పేరుతో పని లేదు. అబద్ధమైనచో ఎంత గొప్ప పేరున్నను దానిని మరొకరికి చేరవేయరాదు.